ముందు పై వీధికే

మొదటి గంట కొట్టకముందే పొట్టిజడ క్లాసులో కూర్చుంది. టీచర్ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమ్మా, ఇవాళ సూర్యుడు పడమట పొడిచాడా?"

క్లాసంతా ఘొల్లుమంది. పొట్టిజడ కూడా నవ్వింది. రోజూ ఆలస్యంగా వచ్చి చీవాట్లు తినేది తనే మరి!

వాళ్ళ నాన్న పొడుగాటి ఇనుప తాళంచెవితో వాల్వులు తిప్పి, వీధులకు నీళ్ళు వదులుతాడు. అలాంటి నాన్న ఉండి ఏం లాభం? ఆరింటికి పై వీధికి, ఏడున్నరకు తాముండే కింది వీధికి! నీళ్ళు పట్టుకుని తయారయ్యేసరికి బడి గంట కొట్టేసేది. పై వీధిలో ఉండే రింగులజుట్టు మాత్రం తలస్నానం చేసి, ఉతికిన యూనిఫాంలో అందరికన్నా ముందొచ్చి కూర్చునేది. "ఆ అమ్మాయిని చూసి నేర్చుకో," అనేవారు టీచర్. అప్పుడల్లా పొట్టిజడకు ఒళ్ళు మండిపోయేది.

ఇవాళ నాన్నకు జ్వరం. నాన్న బదులు నీళ్ళు వదలడానికి, తాళంచెవి కోసం పొద్దున్నే కొత్త బాబాయి వచ్చాడు.

"పై వీధి ముందు తిప్పమని చెప్పమ్మా," అన్నాడు నాన్న మంచంలోంచి.

పొట్టిజడ బయటికెళ్ళి, "ముందు కింది వీధికి తిప్పాలట బాబాయ్," అంది. ఒక్కరోజుకే కొంపలు మునుగుతాయా అనుకుంది.

రింగులజుట్టు రెండో పీరియడ్ సగంలో వచ్చింది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

"మా వీధికి చుక్క నీళ్ళు రాలేదు టీచర్. నాన్నమ్మా నేనూ కింద నుంచి ఆరు బకెట్లు మోశాం."

బాగా అయింది! పొట్టిజడ పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. ఇంతలో రింగులజుట్టు పక్కనే కూర్చుని గుసగుసగా అంది.

"మీ నాన్నుంటే ఇలా జరిగేదా? ఆ కొత్తాయన్ని పనిలోంచి తీసేయమని మావాళ్ళు సాయంత్రం నీళ్ళ ఆఫీసుకు వెళ్తున్నారు."

పొట్టిజడ పుస్తకం దించేసింది. అన్నం గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తింది.

"నాన్నా, ముందు మన వీధికి వదిలితే తప్పేంటి?"

"పై వీధి ఎత్తులో ఉంది కదమ్మా. ట్యాంకు నిండుగా ఉంటేనే నీళ్ళు అంత పైకెక్కుతాయి. ముందు మనం పట్టేసుకుంటే వాళ్ళ కుళాయిలో గాలే వస్తుంది. ఎందుకూ?"

పొట్టిజడ బావురుమంది. "నేనే తిరగేసి చెప్పా నాన్నా. ఆ అమ్మాయంటే నాకు కుళ్ళు."

నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఆ మాట చెప్పాల్సింది నాకొక్కడికే కాదు," అన్నాడు.

సాయంత్రం ఆఫీసులో పై వీధివాళ్ళందరి ముందూ పొట్టిజడ నిలబడింది. "తప్పు బాబాయిది కాదు. నాది."

"నా నడుం విరగ్గొట్టింది నువ్వటే!" అంది రింగులజుట్టు నాన్నమ్మ. కొత్త బాబాయి మాత్రం గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు ఆరింటికి పొట్టిజడ అతనితోపాటు వాల్వుల దగ్గరికి వెళ్ళింది. పై వీధి కుళాయిలు బుసకొట్టి, తర్వాత ధార కట్టాయి. ఏడున్నర అయింది.

"ఇక మీ వీధికి తిప్పనా? బడికి ఆలస్యమవుతావ్!"

"ఒక్క నిమిషం బాబాయ్," అంది పొట్టిజడ. పై వీధి వైపు తలెత్తి, గొంతు చించుకుని అరిచింది.

"నాన్నమ్మా! మీ బకెట్లన్నీ నిండాయా?"