సెలైన్‌లో కలవని మందు

జనగామలో మందుల హోల్‌సేల్ వ్యాపారి కృష్ణమూర్తిని పట్టపగలు, ఆయన కొట్టులోనే కాల్చి చంపారు. గంట తిరక్కుండానే ఏజెంట్ వెంకట్‌కు చీఫ్ ఫోన్ చేశాడు.

"విదేశీ ముఠా. నకిలీ ఆంఫోటెరిసిన్, అదే బ్లాక్ ఫంగస్ మందు. కృష్ణమూర్తి కనిపెట్టాడు, పోయాడు. ఇక నీ వంతు."

వెంకట్‌ది మహబూబాబాద్ దగ్గర తండా. అక్క మంగ్లీకి షుగర్ ముదిరి బ్లాక్ ఫంగస్ సోకింది. బావ చెల్పూరులో కూలి పని చేస్తాడు కనుక దగ్గర్లోని భూపాలపల్లిలోనే ఒక దవాఖానలో చేర్పించారు. అయిదు రోజులుగా ఆమెకు ఎక్కిస్తున్నది ఆ మందే, అసలుదో నకిలీదో తెలియదు. ఆ సంగతి చెబితే మిషన్ నుంచి తప్పిస్తారని దాచిపెట్టాడు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ఫంగస్ కణానికి బయట గోడ, లోపల పొర. ఎకినోక్యాండిన్ రకం మందులు గోడ కట్టనివ్వవు. ఏజోల్ రకం మందులు పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్‌ను తయారు కానివ్వవు. ఆంఫోటెరిసిన్ ఆ ఎర్గోస్టెరాల్‌నే పట్టుకుని పొరకు చిల్లులు పొడుస్తుంది. బ్లాక్ ఫంగస్ ముందు గోడ మందులు చేతులెత్తేస్తాయి. ఏజోల్‌లలో చవకైన ఫ్లుకోనజోల్‌నైతే అది లెక్కే చెయ్యదు. ముఠా పసుపురంగు కలిపి సీసాల్లో నింపింది ఆ ఫ్లుకోనజోల్‌నే.

"ఎట్ల గుర్తువట్టాలె?"

"సెలైన్. అసలు మందును అందులో కలిపితే పాలలా విరిగిపోతుంది. ప్రతి నర్సుకూ తెలిసిన జాగ్రత్తే. విరగలేదంటే దొంగసరుకు."

చీఫ్ పంపిన పెన్నులో సిరా బదులు సెలైన్ ఉంది. వెంకట్ విజయవాడ డీలర్ వేషం వేసి, కోస్తా యాస నాలుకకు పులుముకుని ముఠా గోడౌన్‌కు వెళ్ళాడు. ఎదురుగా ఉమారాణి. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. ముఠా దగ్గర ఒక జీతం, డిపార్ట్‌మెంట్ దగ్గర ఇంకొకటి.

"గోడ కూలిందా?" అంది.

"పొర మిగిలిందండీ" అన్నాడు. కోడ్ కలిసింది.

ఆమె ఒక సీసాలోని పొడిని నీళ్ళలో కరిగించి చూపింది. అతను పెన్ను విదిలించాడు. మందు విరగలేదు, పసుపు నీళ్ళలా తేటగానే ఉంది.

ఉమారాణి కళ్ళద్దాలు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. "కృష్ణమూర్తి నాకు మేనమామ. సంపుతరని నాకు చెప్పలే" అంటూ లాకర్లో నమూనాకు దాచిన పది అసలు సీసాలు తీసి ఇచ్చింది, ముఠా పేర్లూ ఇచ్చింది.

వెంకట్ చీఫ్‌కు ఫోన్ కొట్టి భూపాలపల్లికి జీపెక్కాడు. దారిలో రేగొండ దాటేసరికి రాష్ట్రంలోని సరుకంతా సీజైంది. వార్డులో నర్సు మంగ్లీకి డ్రిప్ వదలబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

అసలు మందు రావడానికి రెండు రోజులు పడుతుందని, పది సీసాలు ఒక్కరికే సరిపోతాయని డాక్టరు చెప్పాడు. పక్క మంచం మీది నవ్యకూ అదే జబ్బు, కానీ ఇంకా ముక్కు దాటలేదు.

మంగ్లీ అన్నీ వింది. "నాది మెదడుదాక వోయిందట తమ్మీ. ఆ పిల్లకు ఇంక రెండు కండ్లున్నయి. ఆమెకే ఎక్కియ్."

వెంకట్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే సీసాలు నర్సు చేతిలో పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం మంగ్లీ కన్నుమూసింది.

తండాలో అంత్యక్రియలు ముగిశాక చీఫ్ ఫోన్. మిషన్ సక్సెస్, ముఠా మొత్తం దొరికింది, నవ్య కోలుకుంటోంది. ప్రాణనష్టం ఇంకేమైనా ఉందా అని అడిగితే వెంకట్ అక్క పేరు చెప్పాడు. జబ్బు మిషన్‌కు ముందే వచ్చింది కాబట్టి రూల్స్ ప్రకారం ఆమె రిపోర్టులోకి రాదని చీఫ్ నొచ్చుకుంటూనే చెప్పాడు.

గూఢచారికి అక్క కదా, పోవడం కూడా రికార్డుల్లో లేకుండానే పోయింది.