తొమ్మిదో నాటి పేరు

సబీడియస్ ఇంకా పొద్దుటి రొట్టె తేనెలో ముంచుకుంటున్నాడు. అంతలో మినాతియా పసివాణ్ణి శాలువాలో చుట్టుకుని, తలుపైనా తట్టకుండా లోపలికి వచ్చేసింది. పురిటి నీరసం ఇంకా తగ్గలేదు. మా ఓస్తియా రేవులో పోయిన సొత్తయినా, ఎవరూ ఒప్పుకోని హత్యయినా చివరికి సబీడియస్ గుమ్మానికే వస్తుంది. ఒకప్పుడు గస్తీ దళంలో పనిచేసి, పైవాళ్ళతో పడక బయటికొచ్చి, సొంతంగా ఆరాలు తీసే మనిషి.

"కూర్చో తల్లీ. ఎవర్ని చూసి భయపడుతున్నావు?"

"అదే తెలియట్లేదండీ. తెలిస్తే సగం భయం తగ్గేది."

ఆమె భర్త ఫిర్మస్ నూనె వర్తకుడు. పని మీద పుతెయోలి రేవుకి వెళ్ళి, రోడ్డు దారిన తిరిగి రావలసినవాడు రాలేదు. ఈలోగా కొడుకు పుట్టాడు. తొమ్మిదో నాడు, పేరు పెట్టడానికి చుట్టాలంతా చేరి ఉండగా, ఒక బండివాడు కబురు తెచ్చాడు. దారి పక్క రెల్లుపొదల్లో ఫిర్మస్ శవం దొరికిందట. కత్తిపోటు. బిడ్డ పుట్టకముందే ప్రాణం పోయినట్టుందట.

"రేపు న్యాయాధికారి వీణ్ణి ఎవరికో ఒకరికి అప్పగిస్తాడు" అంది మినాతియా. "అయితే మా ఆయన అన్న, బావగారు కాల్వస్, కాకపోతే స్టాకిస్. స్టాకిస్ మా ఆయన విడుదల చేసిన బానిస. ఆయనకి ఎదురెళ్తామని ఇద్దరూ వేరువేరుగా బయల్దేరారు, కనబడలేదని ఇద్దరూ తిరిగొచ్చారు. ఇప్పుడు నువ్వు చంపావంటే నువ్వు చంపావని కొట్టుకుంటున్నారు. ఇద్దరూ ఏడుస్తున్నారండీ, ఇద్దరిదీ నిజం ఏడుపులాగే ఉంది! వీణ్ణి ఎవరి చేతుల్లో పెట్టను?"

మూల కూర్చున్న సహాయకుడు క్రెసెన్స్ ముక్కు చీదుకున్నాడు. పుస్తకాలు నకలు రాస్తూ జుట్టు నెరిసిన మనిషి. సబీడియస్ తుమ్మినా అందులో ఏదో తెలివి ఉందనుకుంటాడు.

సబీడియస్ చూపు పసివాడి మెడ మీద పడింది. రెండు దండలున్నాయి. రెంటికీ పసివాళ్ళకి దిష్టి తగలకుండా కట్టే గోరంత వెండి గొడ్డళ్ళు వేలాడుతున్నాయి. ఒకదాని మీద 'పోస్తుమస్' అని చెక్కి ఉంది. రెండోది నున్నగా ఉంది.

"ఏది ఎవరిచ్చారు?"

"పేరున్నది బావగారిది. నున్నటిది స్టాకిస్‌ది."

"పేరు పెట్టిందెవరు?"

"బావగారే. బండివాడి మాట విని చుట్టాలంతా గొల్లున ఏడుస్తుంటే, ఆయనే కళ్ళు తుడుచుకుని, వీణ్ణి ఎత్తి పట్టుకుని పోస్తుమస్ అన్నారు. ఆ దండ అప్పటికప్పుడు మెళ్ళో వేశారు. తండ్రి పోయాక పుట్టినవాడికి మనవాళ్ళు పెట్టే పేరే కదా. అందరూ బాగుందన్నారు."

ముందు నూనె దుకాణానికి వెళ్ళారు. స్టాకిస్ జాడీలు సర్దుతున్నాడు. ఒంటి మీద ఫిర్మస్ అంగీ.

"అది మీ యజమానిది కదూ?"

"ప్రయాణానికి ముందు ఆయనే ఇచ్చారండీ."

"చూసినవాళ్ళెవరు?"

"పాత అంగీ ఇవ్వడానికి సాక్షుల్ని పిలుస్తారా ఎవరైనా!"

"నీ గొడ్డలి మీద పేరేదీ?"

స్టాకిస్ వింతగా చూశాడు. "తొమ్మిదో నాడు పలికేదాకా బిడ్డకి పేరే ఉండదు కదండీ. ముందే ఎలా చెక్కిస్తాం? తండ్రి దూరాన ఉండగా పుట్టాడని ప్రోకులస్ అంటారేమో అనుకున్నా. మా ఖర్మ, అదీ కాలేదు."

బయటికి రాగానే క్రెసెన్స్ అందుకున్నాడు. "వీడే గురువుగారూ! ఆ అంగీ ఒక్కటి చాలదూ?"

కాల్వస్ అంటే బట్టతలవాడని అర్థం. ఏ ముత్తాతకో వచ్చిన పేరు కాబోలు, ఇతనికి మాత్రం దువ్వెన విరిగేంత జుట్టు. వాళ్ళు తన ఇంటికి వెళ్ళేసరికి ఎదురొచ్చి, తన చేత్తోనే ద్రాక్షసారా పోసి, తమ్ముడి మాట రాగానే గోడకి తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు.

"బాబు మెళ్ళో దండ ముద్దుగా ఉందండీ. ఎవరి పని?"

"రేవు దగ్గర కంసాలిది. తొందరపెడితే ఒప్పుకోడు, నిదానంగా చేస్తాడు. అక్షరాలు చూశారుగా, ముత్యాలే."

వీధిలోకి వచ్చాక క్రెసెన్స్ తల గోక్కున్నాడు. "ఇంత మంచివాణ్ణి పట్టుకుని... నాకేం పాలుపోవట్లేదు. కాసేపుంటే ఆ బండివాణ్ణి కూడా అనుమానిస్తాను."

సాయంత్రం మినాతియా ఇంట్లో, ఇలవేల్పుల గూటి ముందు, సబీడియస్ అందర్నీ కూర్చోబెట్టాడు. గుమ్మం దగ్గర ఇద్దరు గస్తీ భటులు నిలబడ్డారు.

"పేరు పలకగానే దండ మెళ్ళో పడింది" అన్నాడు. "అంటే చెక్కడం అప్పటికే అయిపోయింది. పైగా ఆ కంసాలి నిదానస్తుడు. ఆ పని ఇచ్చిన రోజుకి బండివాడు ఊళ్ళో అడుగే పెట్టలేదు. ఫిర్మస్ నేడో రేపో వస్తాడని ఇల్లంతా ఎదురుచూస్తోంది. కాల్వస్‌గారూ, తండ్రి లేనివాడి పేరు కంసాలికి మీరెలా చెప్పారు?"

కాల్వస్ నవ్వబోయాడు. నవ్వు సరిగా రాలేదు.

"శవం ఇంకా ముందే బయటపడుతుందనుకున్నారు. పేరు పెట్టేది మీరే కాబట్టి దండ సిద్ధం చేసుకున్నారు. కబురు రాకపోయుంటే అది మీ అంగీ మడతలోనే ఉండిపోయేది. సరిగ్గా వేళకి వచ్చేసరికి, కలిసొచ్చిందన్న సంబరంలో వేసేశారు. ఈ పసివాడొక్కడు లేకపోతే ఆస్తంతా మీదే. రేపు వాడూ మీ చేతుల్లోకే రాబోతున్నాడు."

"తెలిసీ తెలియని మాటలు!" కాల్వస్ లేచి నిలబడ్డాడు. "అది తాతలనాటి పేరు. ఆ రోజుల్లో పోస్తుమస్ అంటే కడగొట్టువాడనే అర్థం. చావుతో సంబంధం తర్వాత జనం అంటగట్టింది. చదువుకున్నవాళ్ళని అడుగు!"

క్రెసెన్స్ నీరుగారిపోయాడు. "అవును గురువుగారూ. ఏదో పుస్తకం నకలు రాస్తూ నేనే రాశాను."

"నిజమే" అన్నాడు సబీడియస్. "అసలు అర్థం అదే."

గది గందరగోళమైపోయింది. స్టాకిస్ నోరు తెరిచాడు, చుట్టాలు గుసగుసలాడారు. భటులకు ఎవర్ని పట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు మినాతియా గోడ పట్టుకుని లేచింది.

"బావగారూ, నాకింకా ఇరవై నిండలేదు. వీడు నా తొలిచూలు. మీరు కంసాలి దగ్గరికెళ్ళేనాటికి మా ఆయన ఊరెళ్ళాడనే అందరికీ తెలుసు, అంతే. ఇక నాకు పిల్లలు పుట్టరని, వీడే కడగొట్టువాడని మీకెవరు చెప్పారు?"

కాల్వస్ గుమ్మం వైపు అడుగేశాడు. భటులు చెరో చెయ్యి పట్టుకుని బయటికి నడిపించారు.

మినాతియా బిడ్డను తీసుకెళ్ళి స్టాకిస్ చేతుల్లో పెట్టింది. అతను పసివాణ్ణి గుండెకి హత్తుకుని, గొడ్డలి మీది అక్షరాలు చూసి మొహం తిప్పుకున్నాడు.

"అమ్మగారూ, ఈ పాడు పేరు తీసేద్దామండీ."

"ఉండనీ" అంది మినాతియా. "ఆయన్ని ఎవరు చంపారో నాకు నిజం చెప్పింది ఈ ఒక్క మాటే." అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.