బొల్లి పాము చూసిన సంబంధం

నా పెంపుడు పాము తప్పిపోయింది. నవ్వకండి, నిజంగానే. వెంకటమ్మనహళ్లిలో నేను అద్దెకున్న గదిలో గాజుపెట్టె మూత తెరిచి ఉంది, లోపల పాము లేదు.

సోలార్ పార్కులో ఇంకా ప్యానెళ్లు బిగిస్తున్న రోజులవి. నేనక్కడ టెక్నీషియన్‌ని. ఆ ఎండ, ఆ దుమ్ము తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది. ఎందుకంటే ఆ ప్యానెళ్ల మధ్యే సవిత గొర్రెలు మేపేది. నీడలో కూర్చుని ఫోన్లో పెంపుడు పాముల ఫొటోలు చూపిస్తే, వాటి రంగుల పేర్లన్నీ మార్చేసేది.

"ఇది పేస్టల్. లేత పసుపు రంగుది."

"పేస్టలేందప్పా? పుల్లది అను. మా మందలో ఇట్లాంటి గొర్రె ఉండాది."

"మరి నా పాము? పైబాల్డ్ అంటారు."

"ఈ తెల్ల మచ్చలకా? బొల్లిది అంటే సరిపోలా!"

"ఇది చూడు, హెట్. పైకి మామూలుగానే ఉంటాది. రంగు లోపల దాచిపెట్టుకోనుంటాది."

"నీ మాదిరి" అనేసి గొర్రెల వెనకాల వెళ్లిపోయింది. ఆ రోజంతా నేను ఒక్క బోల్టు సరిగ్గా బిగించి ఉంటే ఒట్టు!

సరే, పాము సంగతి. వెతుక్కుంటూ వెళ్తే సవిత వాళ్లింటి ముందు జనం. వాళ్ల అవ్వ కదిరమ్మ, గంపలో చుట్టుకుని పడుకున్న నా బొల్లిదానికి పసుపూ కుంకుమా పెట్టి దండం పెడుతోంది.

సవిత నన్ను గోడ పక్కకు లాగింది. "రేపు నన్ను చూసేకి పావగడ నుంచి వస్తాండారు. నాకిష్టం లేదు. సుబ్బరాయుడే పామై ఎదురొచ్చినాడు, ఈ సంబంధం వద్దనేసినాది అవ్వ. నువ్వు నోరు మూసుకోనుండు."

నా గుండె గంతేసింది. ఊరుకుంటే చాలు, సంబంధం పోతుంది! కానీ ఆ ముసలామె, దేవుడొచ్చాడని పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట. నాకు మనసొప్పలేదు.

"అవ్వా, అది దేవుడు కాదు. నా పాము. బెంగళూరులో కొనుక్కోనొచ్చినా."

సవిత నన్ను కళ్లతోనే నమిలేసింది.

అవ్వ నన్ను పైకీ కిందికీ చూసింది. "నీదైతే మా ఇంటికేల వచ్చింది?"

"తెలీదవ్వా."

"ఇన్ని ఇండ్లుండగా ఈడికే వచ్చిందే! నీకు పెండ్లయిందా?"

"లేదవ్వా."

"మా పిల్లంటే ఇష్టమా?"

ఇంత జనంలో అడిగేసింది! అయినా చెప్పేశాను. "చానా ఇష్టం అవ్వా."

జనం గొల్లున నవ్వారు. సవిత తలుపు వెనక్కి పరిగెత్తింది.

"పాపా, నీకు?" అని అవ్వ అటు తిరిగి అడిగింది. తలుపు వెనక గాజులు గలగలమన్నాయి.

"ఇంగేం! పోయి మీ అమ్మానాయన్ని పిల్చుకోని రా."

నేను గంప అందుకోబోయాను. అవ్వ నా చేతి మీద ఒక్కటేసింది.

"ఇది ఈడే ఉంటాది. మీవోళ్లొచ్చి మాటిచ్చినాకే నీకు ఇచ్చేది."

తలుపు వెనక నుంచి సవిత గొంతు తొందరపెట్టింది. "బిరీన పోప్పా!"