ముళ్లకంప వేసిన మేడలో వైఫై

కూర్మన్నపాలెం జంక్షన్ దాటి లోపలికి వెళ్తే, ఒక సందు చివర పాత మేడ ఉంది. చీకటి పడ్డాక ఆ సందులోకి ఎవరూ అడుగు పెట్టరు. ఆటోవాడు కూడా మొదట్లోనే దింపేసి, "ఇక్కణ్నుంచి నడిసెళ్లిపోండి బాబూ" అంటాడు.

మేడ గుమ్మానికి అడ్డంగా రేగుముళ్ల కంప కట్టి ఉంటుంది. కిటికీలన్నీ మూసే ఉంటాయి. అయినా... రోజూ చీకటి పడ్డ కాసేపటికి కిటికీ రెక్కల మధ్య నుంచి నీలం వెలుగు కనబడుతుంది. వెలుగు వెనకాలే ఒక గొంతు వస్తుంది.

"నారాయణమ్మా... ఇటు సూడు."

ఆ గొంతు గురునాథరావు గారిది. ఆయన పోయి నాలుగు నెలలు. నారాయణమ్మ ఆయన భార్య.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను. ఎవరైనా నమ్మితే ఆటపట్టించకుండా వదిలే మనిషినీ కాను. కానీ ఈ సంగతి నాకు చెప్పింది మా నాగవంశీ బావ. పోర్టులో ఇద్దరం ఒకే చోట పని చేస్తాం. పాపం, అతనికి అబద్ధం ఆడటం చేతకాదు. సెలవు కావాలంటే జ్వరమని కూడా చెప్పలేడు. పైగా గురునాథరావు గారికి సొంత అల్లుడు. అందుకని అతను చెప్పింది చెప్పినట్టే చెప్తాను.

గురునాథరావు గారు స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. ఖాళీగా కూర్చోలేక, ఇంట్లో ఉన్న పెళ్లి కేసెట్లూ, బీచ్‌లో తీసిన వీడియోలూ, అన్నీ తెచ్చి చెప్పుల డబ్బా అంత కంప్యూటరులోకి ఎక్కించారు. దాన్ని హాల్లో టీవీకి వైరుతో తగిలించి, దాని కింద పెట్టారు. ఇంటి వైఫైలో ఉన్న ఏ ఫోను తెరిచినా అందులోని బొమ్మలు వచ్చేవి. ఇంట్లో అందరూ దాన్ని 'డబ్బా' అనేవారు. కేసెట్లు బూజు పట్టి ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ఆయన నవ్వు, ఆయన గొంతు మిగిలింది ఆ డబ్బాలోనే.

ఆయన ధనిష్ఠా నక్షత్రంలో పోయారు.

ధనిష్ఠలో మనిషి పోతే ఆ ఇంట్లో ఆర్నెల్లు దీపం పెట్టకూడదు, మనిషి మసలకూడదు. మసిలితే పోయినవాడు ఇంకొకర్ని తోడు తీసుకెళ్తాడంటారు. ఆయన అక్కగారు సూర్యకాంతమ్మ ఊరి నుంచి వచ్చి, అందర్నీ బయటికి పంపి, తలుపులకి తాళాలు వేసి, గుమ్మానికి తన చేత్తోనే ముళ్లకంప కట్టింది. ఇంట్లోంచి చెంచా కూడా తేనివ్వలేదు. ఆవిడ మాటకి ఆ ఇంట్లో ఎదురు లేదు.

వెనక గోడకి ఆనుకునే ఉన్న ఇంట్లో ఒక వాటా అద్దెకి తీసుకున్నారు. నారాయణమ్మ, ఆవిడ ఆడపడుచు సూర్యకాంతమ్మ, కూతురు హిమబిందు, అల్లుడు వంశీ అందులో సర్దుకున్నారు. హిమబిందు ఒక్కటే అడిగింది.

"అత్తా, నాన్న డబ్బా మాత్రం ఆపొద్దు. ఎవులం లోపలికి ఎల్లం. వైఫై గోడ దాటి అదే వత్తాది."

సూర్యకాంతమ్మ మొహం చిట్లించింది గానీ ఊరుకుంది.

అప్పట్నుంచి హిమబిందు అన్నం తినేటప్పుడు కూడా ఫోన్లో నాన్నని చూసుకుంటూనే ఉండేది. నారాయణమ్మ మాత్రం అటు తల తిప్పేది కాదు. ఆయన పోయిన రోజు నుంచి ఆవిడ కంట్లోంచి చుక్క నీరు రాలేదు. చీకటి పడగానే రామాలయంలో భజన ఉందని వెళ్లిపోయేది.

ఇలా ఉండగా డబ్బా మొరాయించడం మొదలుపెట్టింది. పగలంతా బాగానే ఉండేది. చీకటి పడ్డ కాసేపటికి ఫోన్లోంచి బొమ్మ ఎగిరిపోయేది. ఇంకాసేపటికి మళ్లీ దానంతట అదే వచ్చేది.

వంశీ ఏవేవో చేశాడు. నెట్‌వర్కులో డబ్బా అడ్రసు మారిపోతోందేమోనని ఒకే అడ్రసుకి కట్టేశాడు. పక్కింటి వైఫై అడ్డొస్తోందేమోనని చానెల్ మార్చాడు. ఫోన్లు మార్చి చూశాడు. ఏం లాభం లేదు. వైఫై పేరే మాయమైపోతుంటే చానెల్ ఏం చేస్తుంది?

ఒకరోజు పగలు కూర్చుని, గోడ ఇవతల నుంచే డబ్బా లోపలి చిట్టా తీసి చూశాడు. డబ్బా నాలుగు నెలలుగా ఒక్కసారి కూడా ఆగలేదు. కరెంటు పోయినా దానికి బ్యాటరీ ఉంది. వీధిలో ఆ వేళకి కరెంటు పోవడమూ లేదు. వైఫై ఇచ్చే రూటరు మాత్రం... రోజూ చచ్చి రోజూ బతుకుతోంది.

"అంటే ఏటి బావా?" అని అడిగాను నేను.

"రూటరు ప్లగ్గు ఎవులో పీకుతున్నారు... మళ్లీ పెడతన్నారు."

తాళం వేసిన ఇంట్లో. నాకు నవ్వు రాలేదు.

సరిగ్గా అదే వేళకి సందులో వాళ్లు గొంతు వింటున్నామని చెప్పడం మొదలైంది. సూర్యకాంతమ్మ ఒకరోజు గోడ దగ్గర నిలబడి తనే వింది. లోపలికొచ్చి చాలాసేపు మంచినీళ్లు కూడా తాగలేదట.

"మనకి బొమ్మ రాకుండా సేసి, ఆడు దాన్ని పిలుత్తన్నాడు" అంది. "పేరెట్టి పిలుత్తన్నాడు! రేపు ఆ డబ్బా తీయించి అప్పికొండ సముద్రంలో పారేయిత్తాను."

"అత్తా! నాన్న గొంతు ఇంకెక్కడా లేదు!" హిమబిందు ఆవిడ కాళ్లు పట్టుకుంది.

"పోయినోడి గొంతు కోసం ఉన్న మనిషిని పోగొట్టుకోమంతావా?"

ఆ రాత్రి దాటితే డబ్బా సముద్రం పాలు. వంశీకి ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే. సంగతేంటో తేల్చాలి. వద్దు మొర్రో అని హిమబిందు ఏడుస్తున్నా, చీకటి పడగానే గోడ దూకాడు.

మేడ వెనక ఇనప మెట్లున్నాయి. అవి వంటింటి తలుపు దగ్గరికి పోతాయి. సగం మెట్లెక్కేసరికి చేతిలో ఫోనుకి వైఫై పోయింది.

ఆగిపోయాడు.

ఇంకో మెట్టు... ఇంకో మెట్టు. వంటింటి తలుపు తాళం తీసి ఉంది. వేలితో తోస్తే చప్పుడు లేకుండా తెరుచుకుంది. తలుపు బందులు ఎవరో నూనె రాసినట్టు జిడ్డుగా ఉన్నాయి.

లోపల బూజు వాసన రావాలి. రాలేదు. ఊడ్చిన నేల కాలికి చల్లగా తగిలింది. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. హాలు గుమ్మం మీద నీలం వెలుగు ఆడుతోంది.

"నారాయణమ్మా... ఇటు సూడు."

పక్కనే! చెవి దగ్గర మాట్లాడినట్టే ఉంది. వంశీ పారిపోదామని వెనక్కి తిరగబోయాడట.

అప్పుడు... ఆ గొంతుకి ఒక ఆడగొంతు బదులు చెప్పింది. మెల్లగా.

"సూత్తన్నాను కదా..."

వంశీ తల వంచి లోపలికి చూశాడు. టీవీకి ఎదురుగా నేల మీద ఒక ఆకారం. జుట్టు విరబోసుకుని ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. టీవీలో గురునాథరావు గారు సముద్రం ఒడ్డున కెమెరా పట్టుకుని భార్యని నవ్వమంటున్నారు. ఆకారం నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది.

"...అత్తా?"

నారాయణమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. భయపడింది ఆవిడే ఎక్కువ.

ఎక్స్‌టెన్షన్ బోర్డులో పనిచేసే ప్లగ్గు పాయింట్లు రెండే. ఒకటి డబ్బాది, ఒకటి రూటరుది. టీవీ పెట్టాలంటే రూటరు పీకాలి. గురునాథరావు గారు ఉన్నప్పుడు కూడా అంతే. నెట్టు పోతే పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి టీవీ ముందు కూర్చుంటారని ఆయన బోర్డు బాగు చేయించలేదు. ఆవిడకి వచ్చిన పద్ధతి అదొక్కటే. తను రూటరు పీకడం వల్లే అద్దె వాటాలో ఫోన్లో బొమ్మ పోతోందని ఆవిడకి తట్టనే లేదు.

"భజనకి కాదా అత్తా?"

"పిల్ల ముందు ఏడిత్తే అది ఇంకా ఏడుత్తాది బాబూ. ఇక్కడైతే ఎవులూ అడగరు." కళ్లు తుడుచుకుని చెయ్యి పట్టుకుంది. "రేపు పట్టుకెళ్లిపోతారు కదా. ఇయాలొక్క రోజు సూసుకోనీ. మా వదినకి మాత్రం సెప్పకు."

వంశీ వచ్చినదారినే వెనక్కి వెళ్లి మెట్లు దిగుతున్నాడు. సందులో మనుషుల్ని భయపెట్టింది ఒక ప్లగ్గు. అది చెప్తే అత్తగారి పరువు పోతుంది. చెప్పకపోతే డబ్బా పోతుంది. ఎవరితో ఏమని అబద్ధం ఆడాలా అని, చేతకాని పని గురించి ఆలోచిస్తూ ఆఖరి మెట్టు దగ్గరికొచ్చాడు.

అక్కడ చీకట్లో ఎవరో కూర్చుని ఉన్నారు.

"సూసేవా?" అంది సూర్యకాంతమ్మ.

వంశీ పైన తలుపు వైపు చూశాడు.

"నాకు తెలుసు నాయనా. భజన కాడికి మీ అత్తని వెతుక్కుంటా ఎల్లినరోజే తెలిసింది. అప్పట్నుంచి సందులోంచి సుట్టూ తిరిగొచ్చి, అది ఎక్కిన కాణ్నుంచి దిగీదాకా ఇక్కడే కూకుంతన్నాను. అది దిగుతుంటే గోడ సాటుకి పోతాను, ఇందాక నువ్వొచ్చినప్పుడూ అలగే పోయాను."

"మరి... ఆపలేదేటి పెద్దమ్మా?"

"ఎలగ ఆపను? ఆ తలుపు కాడ దాని ఏడుపు ఇన్నాను" అంది. "ఆర్నెల్లు కాలేదు. ఇంకో మనిషిని తీసుకెల్లిపోతాడని నాకు వణుకు. డబ్బా లేకపోతే పైకి ఎక్కదనుకున్నాను. అంతే గానీ, దాని మీద నాకేటి కోపం?"

పైనుంచి గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి గురునాథరావు గారు పెద్దగా నవ్వుతున్నారు. సూర్యకాంతమ్మ తల పైకెత్తింది. ఇన్నాళ్లూ ఆ మెట్టు మీద కూర్చుని భయంతో విన్న నవ్వుని అప్పుడే మొదటిసారి విన్నట్టు వింది.

"చిన్నప్పుడూ ఇలగే నవ్వీవోడు" అంది.

మోకాళ్ల మీద చేతులానించి లేచింది. చెప్పులు విడిచింది. తను కట్టిన ముళ్లకంప వైపు చూడను కూడా చూడలేదు.

"ఎక్కడికి పెద్దమ్మా?"

"డబ్బా కిందకి తెద్దాం, నడు. నా గదిలో ఎట్టు. మీ అత్త నా పక్కన కూకుని సూత్తాది, నా ముందు ఏడుత్తాది." మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. "ఆడు నాకూ తమ్ముడే కదా బాబూ."