బొగ్గుబాబు బావి మునిగింది

"నా బావిని ముంచినోళ్లు ఎవరు?"

సాయంత్రం ఫోన్ తెరవగానే తిరుమలకు కనిపించిన మొదటి మాట ఇది. పంపినవాడి పేరు బొగ్గుబాబు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. ముంచింది తనే మరి!

వాళ్లు ఫోన్‌లో ఆడే గేమ్ అలాంటిది. ఖాళీ నేల ఇస్తారు. తవ్వుకోవాలి. ఇనుము, రాగి, బొగ్గు తీయాలి. బొగ్గు మండించి కరెంటు పుట్టించి, దానితో మెషిన్లు నడపాలి. డిగ్రీ ఫైనలియర్‌లో తిరుమల పక్కన కూర్చునే కైనాత్ అందులో ఒక లోకం తెరిచి, తెలిసినవాళ్లందరినీ పిలిచింది. తిరుమల అక్కడ 'సాంచారాణి' అని పేరు పెట్టుకుని బట్టల ఫ్యాక్టరీ కట్టింది. చొప్పదండిలో వాళ్ల ఇంటి పక్క రేకుల షెడ్డులో బాపు బాలమల్లు సాంచాలు నడుపుతాడు. సాంచాలంటే పవర్‌లూమ్‌లే. ఆమె దగ్గర నుంచి చూసిన ఫ్యాక్టరీ అదొక్కటే.

బొగ్గుబాబు అసలు పేరు భానుప్రసాద్. ఊరు చెన్నూరు. పాలిటెక్నిక్ పూర్తిచేసి మంచిర్యాలలో మోటార్లు రిపేర్ చేసే షాపులో పని చేస్తున్నాడు. వాళ్ల బాపుది బొగ్గుబావిలో, అంటే గనిలో, నీళ్లు తోడే పంపు దగ్గర డ్యూటీ. గేమ్‌లో భాను తవ్విన బొగ్గు తిరుమల బాయిలర్లకు వచ్చేది. ఆమె కరెంటు అతని పంపుకు పోయేది. పంపు ఆగిందా, బావి నిండా నీళ్లే.

"నేనే," అని టైప్ చేసింది. "పోయేటప్పుడు మెయిన్ స్విచ్చు బంద్ చేసిన."

"ఎందుకు?"

"మనిషి లేనప్పుడు మెషిన్లు నడిపిస్తరా ఎక్కడన్న?"

"పంపు బంద్ చేస్తరా ఎక్కడన్న? మా బాపు ఇంటే చెప్పు తీస్కొని వస్తడు!"

"మెయిన్ బంద్ చెయ్యకుంటే మా బాపు కట్టె తీస్కొని వస్తడు!"

అటు నుంచి జవాబు ఇలా వచ్చింది.

"అయితే గా ఇద్దరు బాపులను ఒక్కకాడ ఒదిలిపెడదాం. మనం నిమ్మళంగ ఆడుకుందాం."

తిరుమల దిండులో మొహం పెట్టుకుని నవ్వింది.

ఇక రోజూ అదే పని. ఆమె రాగి కోసం కొండ తొలిస్తే, వెనకే వచ్చి దీపాలు పెట్టేవాడు. అతను బావిలో దిగితే ఆమె పైన కాపలా ఉండేది. ఒక్కోసారి తవ్వడం మానేసి ఇద్దరి బొమ్మలూ ఎదురెదురుగా నిలబడేవి. చతురస్రం తలకాయలు, చుక్కల్లాంటి కళ్లు. వాటిని చూసి సిగ్గుపడటానికి ఏముంది? అయినా తిరుమల ఫోన్ బోర్లా పెట్టేసేది.

"జర మైక్ ఆన్ చెయ్యరాదు?" అని అడిగేవాడు.

"చెయ్య."

"గొంతు లేదా?"

"ఉన్నది. నీకు ఇయ్య."

అంతా బాగానే ఉంది కానీ, ఆమె చేయి మాట వినలేదు. గేమ్ మూసే ముందు అదే వెళ్లి మెయిన్ కట్టేసేది. గుర్తుండాలని వేలికి నూలుపోగు కట్టుకుంది. పోగున్న వేలితోనే మెయిన్ కట్టేసింది.

"ఇంకొక్కసారి పంపు ఆగితే నేను గీ లోకంల ఉండ. కోపమెందుకో చెప్పకుండ బావి ముంచుడేంది?" అన్నాడు భాను.

"కోపం కాదు!" అని రాసింది. అతను నమ్మినట్టు లేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాన మొదలైంది. రేకుల మీద గులకరాళ్లు పోసినట్టు చప్పుడు. గేమ్‌లో భాను బావి అడుగున ఉన్నాడు.

"సాంచారాణీ, నీకోసం ఒక నీలం రాయి దొరికింది. తెస్తున్న, ఆగు."

సరిగ్గా అప్పుడే ఊళ్లో కరెంటు పోయింది.

"తిరుమలా! స్విచ్చులు!" బాపు కేక.

కరెంటు పోగానే స్విచ్చులన్నీ కట్టేయాలి. లేకపోతే వచ్చినప్పుడు సాంచాలన్నీ ఒక్కసారే ఎగిరి లేచి దారాలు తెంపేస్తాయి. తిరుమల పరుగెత్తింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అదే ఊపులో ఫోన్‌లో మెయిన్ కూడా కట్టేసింది.

ఎర్ర అక్షరాలు వచ్చాయి. 'బొగ్గుబాబు నీళ్లలో మునిగి చనిపోయాడు.'

దాని కింద, 'బొగ్గుబాబు వెళ్లిపోయాడు.'

మళ్లీ రాలేదు. బొగ్గు లేక ఆమె బాయిలర్లు చల్లారాయి. వాటి గురించి ఆమెకు దిగులు లేదు. నీలం రాయి పట్టుకుని మునిగిన ఆ చతురస్రం తలకాయే కళ్లలో మెదిలేది. పంపిన మెసేజులను అతను చదవడం కూడా లేదు.

"పాగల్, నోటితోని సారీ చెప్పు," అంది కైనాత్ ఫోన్‌లో. "గొంతు పంపితే ఎవలైన ఇంటరు."

కానీ ఇంట్లో అమ్మ వింటుంది, వాకిట్లో పక్కింటివాళ్లు వింటారు. అందుకని తిరుమల షెడ్డులోకి పోయి, నాలుగు సాంచాల మోతలో నిలబడి, మనసులో ఉన్నదంతా ఫోన్‌కు చెప్పి పంపేసింది. అక్కడైతే ఎవరికీ వినిపించదు కదా!

ఆదివారం వానలోనే వాళ్ల ఇంటి ముందు ఒక బండి ఆగింది. ఇంజన్ ఆపకుండానే సన్నటి పొడుగాటి కుర్రాడు దిగాడు. రెయిన్‌కోటు తిరగేసి వేసుకున్నాడు. బాపు షెడ్డులో ఉన్నాడు. తిరుమల గడపలో బిగుసుకుపోయింది.

"సాంచారాణి నువ్వేనా? కైనాత్ ఇల్లు చెప్పింది," అన్నాడు సాంచాల మోతకు మించి అరుస్తూ. "నువ్వు పంపింది మొత్తం ఇన్న. టకటకా టకటకా. ఆఖర్ల జర గట్టిగ టకటకా. తిట్టినవో, పిలిచినవో తెల్వక వచ్చిన!"

ఆమె నోరు తెరిచేలోగా కరెంటు పోయింది.

"స్విచ్చులు!"

తిరుమల ఉరికింది. సాంచాల స్విచ్చులు కట్టేసింది. ఫ్యాను కట్టేసింది. బయటికొచ్చి అతని బండి ఆపి, తాళం చావి కూడా గుంజుకుంది. చావి పిడికిట్లోకి వచ్చాక గానీ సోయి రాలేదు.

భాను షెడ్డు తలుపులోంచి సాంచాలను చూశాడు. చావిని చూశాడు. ఆమెను చూశాడు.

"ఓహో! నామీద కోపం కాదు. నీకు గిది రోగం."

"రోగం కాదు. అలవాటు."

"నీ అలవాటుకు నేను సచ్చిపోయిన పిల్లా!"

అంత బెదురులోనూ తిరుమలకు నవ్వు ఆగలేదు. అతనూ నవ్వాడు. నవ్వు తగ్గేసరికి వాన కూడా వెలిసింది. చూరు నుంచి నీటిబొట్లు పడుతున్నాయి, అంతే.

"ఇప్పుడు సప్పుడు లేదు. చెప్పు, ఏమన్నవ్ దాంట్ల? చెప్పకుంటే చావి ఇయ్యి, పోత."

ఆమె చావిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"సారీ అన్న."

"గంత సేపు సారీయేనా?"

"నువ్వు లేకుంటే ఆడబుద్ధి అయితలేదన్న."

"తర్వాత?"

"నువ్వు మునిగితే... నిజంగనే ఏడిసిన అని చెప్పిన."

"తర్వాత?"

"నువ్వంటే ఇష్టమన్న. అయిపోయింది. ఇగ అడగకు!"

రోజూ మైక్ ఆన్ చేయమని సతాయించినవాడు ఇప్పుడు తల వంచుకున్నాడు. "నాకు... నాకు గూడ," అన్నాడు, తన చెప్పులకు చెబుతున్నట్టు.

షెడ్డులో బల్బు వెలిగింది. వెలుగులో స్విచ్‌బోర్డు పక్కన బాలమల్లు కనిపించాడు. సాంచాల మోత లేదు కాబట్టి, ఆయనకు అంతా వినిపించింది.

"ఏం పని చేస్తవ్ పిల్లగా?"

"మోటార్లు రిపేర్ చేస్త మామా," అనేసి భాను నాలుక కరుచుకున్నాడు.

"అప్పుడే మామనా?"

తిరుమల చున్నీ నోట్లో కుక్కుకుంది. బాలమల్లు స్విచ్చు మీద చేయి పెట్టాడు. కరెంటు వచ్చాక ఆయన ఒక్క క్షణం కూడా సాంచాలను ఖాళీగా ఉంచడు. ఇవాళ స్విచ్చు మీద పెట్టిన చేయి అక్కడే ఆగింది.

"జల్ది మాట్లాడుకోండ్రి," అన్నాడు గోడవైపు తిరిగి. "ఇవి సురువైతే ఇగ మీకేం ఇనవడది."