ఓరిన్‌కి ఓటెయ్యొద్దు

పొద్దున్నే వారపత్రిక వచ్చింది. వెర్నా హౌగెన్ టోస్టు మీద వెన్న రాసుకుంటూ ఒక్కో పేజీ తిప్పింది. బీట్ దుంపల ధర, చర్చిలో పాన్‌కేక్‌ల విందు, ఎవరిదో పాత ట్రాక్టరు అమ్మకం. నాలుగో పేజీలో నమూనా బ్యాలెట్ వేశారు. అందులో స్కూలు బోర్డు సభ్యుడి స్థానానికి ఒకే ఒక్క పేరు అచ్చయింది. ఓరిన్ హౌగెన్. దాని కింద చేత్తో పేరు రాసుకోవడానికి ఒక ఖాళీ గీత.

ఓరిన్ ఆమె భర్త. సెప్టెంబరులో ట్రాక్టరు షెడ్డులో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. అప్పటికే బ్యాలెట్లు అచ్చయిపోయాయి. కౌంటీ ఆఫీసు వాళ్ళు ఇక చేసేదేం లేదన్నారు. వెర్నా ఆ పేరు రెండుసార్లు చదివి పేజీ తిప్పేసింది. ఏడుపు రాలేదు. అంత్యక్రియల రోజూ రాలేదు. లోపల బాధ ఉందేమోనని అప్పుడప్పుడు తడుముకుని చూసుకునేది. అక్కడ ఏమీ తగిలేది కాదు.

ఇరవై రెండేళ్ళు బోర్డులో ఉన్న మనిషి. బతికున్నంతకాలం బస్సు ఆలస్యమైతే ఓరిన్‌ని తిట్టారు, మధ్యాహ్నం భోజనంలో బఠానీలు ఉడక్కపోతే ఓరిన్‌ని తిట్టారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు ఇప్పుడు ఊరంతా ఒకటే మాట. "ఈసారీ ఓరిన్‌కే వేస్తాం, గౌరవంగా సాగనంపుదాం."

తొమ్మిది కాకముందే కూతురు జోలీన్ వచ్చింది. పశువుల డాక్టరు దగ్గర పని చేస్తుంది. బూట్లు గుమ్మంలో విప్పి, కాఫీ తానే పోసుకుని కూర్చుంది.

"అమ్మా, ఆ గీత మీద నా పేరు రాయమని అందరినీ అడుగుతున్నా."

"పత్రిక వాడు ఫోన్ చేసి చెప్పాడు."

"నీకు చెప్పకుండా మొదలుపెట్టానని కోపమా?"

"కోపం ఏం లేదే."

"అదేనమ్మా నాకు భయం. నీకు ఏదీ లేదు." జోలీన్ కప్పు పక్కన పెట్టింది. "నాన్న గెలిస్తే ఆ కుర్చీ ఖాళీ. ఖాళీ అయితే బోర్డు చైర్మన్ లైల్ తనకి నచ్చినవాణ్ణి కూర్చోబెట్టుకుంటాడు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు ఉన్నారు. ఆ అయిదో ఓటు వాడి చేతికెళ్తే మన ఊళ్ళో స్కూలు మూతపడినట్టే. నా కూతురికి ఏడేళ్ళు. దాన్ని మంచులో ముప్ఫై మైళ్ళు బస్సులో పంపనా?"

"అయితే అడుగు. వద్దన్నానా?"

"నేనడిగితే 'మీ నాన్న మీదే పోటీనా' అంటున్నారు. నువ్వు చెప్తే వింటారు. నువ్వొక్కదానివి చెప్తేనే వింటారు."

వెర్నా టోస్టు ముక్క పళ్ళెంలో పెట్టేసింది. "ఆయనకి ఓటెయ్యొద్దని నేను చెప్పాలా? ఏ నోటితో చెప్పనే?"

"పోయినవాళ్ళకి ఓట్లెందుకమ్మా?"

"ఇరవై రెండేళ్ళు ఆయనకే వెయ్యండి, ఆయనకే వెయ్యండి అని ఇల్లిల్లూ తిరిగాను. ఇప్పుడు వద్దని తిరగమంటావా?"

"నాన్న బోర్డు మీటింగుకి వెళ్ళాడు, వచ్చేస్తాడు అన్నట్టు కూర్చున్నావు." జోలీన్ లేచి నిలబడింది. "ఆయన పోయాడని నీ నోటంట ఒక్కసారైనా అన్నావా? ఒక్కసారి?"

జోలీన్ బూట్లు తొడుక్కుని, తాళ్ళు కట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం లైల్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, వద్దన్నా వినకుండా వాకిట్లో మంచు ఎత్తి, అప్పుడు లోపలికొచ్చాడు. చెడ్డవాడేం కాదు. అదే చిక్కు.

"వెర్నా, ఊరంతా ఓరిన్ వైపే. స్కూలు జిమ్ గోడ మీద వాడి పేరుతో ఇత్తడి పలక పెడదామనుకుంటున్నాం."

"మంచిది."

"నువ్వు జోలీన్‌కి కాస్త నచ్చజెప్పు. పిల్ల బాధలో ఉంది. తండ్రి పేరు ఊళ్ళో ఒక్కసారి నిలబడనీ. తర్వాత ఆ చోట్లో నిదానస్తుడినెవరినైనా పెట్టుకుంటాం."

"స్కూలు మూస్తారా, లైల్?"

అతను టోపీని ఒక చుట్టు తిప్పాడు. "పిల్లలేరి, వెర్నా? మొత్తం కలిపి అరవై ఒక్కమంది."

"ఓరిన్‌కి తెలుసా మీరు మూస్తారని?"

"తెలుసు. ఒప్పుకోలేదు. వాడి మొండితనం నీకు తెలియందేముంది."

అతను వెళ్ళాక వెర్నా చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఓరిన్ వద్దన్న పనిని ఓరిన్ పేరుతోనే చేస్తారన్నమాట. పైగా ఇత్తడి పలక. కోపం రావాలి. అది కూడా రాలేదు గానీ కాళ్ళు మాత్రం వాటంతటవే వంటింట్లోకి నడిచాయి.

అక్కడ బల్ల మీద పంతొమ్మిది గాజు పళ్ళేలున్నాయి. చావు ఇంటికి ఊరివాళ్ళు వండి తెచ్చినవి. ప్రతి పళ్ళెం అడుగునా టేపు మీద ఇంటావిడ పేరు. తిన్నవి తిని, తిననివి పారేసి, కడిగి పెట్టింది గానీ ఏడు వారాలుగా ఒక్కటీ తిరిగి ఇవ్వలేదు. వాటిని పెట్టెల్లో సర్దింది. ఖాళీ పళ్ళెం ఇవ్వకూడదని ఒక్కోదాంట్లో ఓరిన్ పండించిన బంగాళాదుంపలు నాలుగేసి పెట్టి, కారెక్కింది.

మొదటి ఇల్లు ఆర్లిస్‌ది. బళ్ళో చదువుకునే రోజుల నుంచి స్నేహితురాలు.

"ఈ మంచులో వచ్చావేంటే? నేనే వచ్చి తీసుకుపోదును కదా."

"నీకో మాట చెప్పాలి. ఓరిన్‌కి ఓటెయ్యకు."

ఆర్లిస్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అదేం మాట వెర్నా? ఆయనకి కాకపోతే ఎవరికి వేస్తానే?"

"జోలీన్ పేరు రాయి. ఓరిన్..." నాలుక తిరగలేదు. గుమ్మం పట్టుకుంది. "ఓరిన్ చచ్చిపోయాడు, ఆర్లిస్."

అనేసింది. మిన్ను విరిగి మీద పడలేదు. ఆర్లిస్ కళ్ళు మాత్రం నిండాయి.

రెండో ఇంట్లోనూ అదే మాట, మూడో ఇంట్లోనూ అదే మాట. ముసలి క్నూట్ అయితే "బతికున్న సభ్యుల కంటే మీ ఆయనే నయమమ్మా, మీటింగులో కునుకు తియ్యడు" అన్నాడు. "చచ్చిపోయినవాడు చెయ్యెత్తి ఓటెయ్యలేడు కదా క్నూట్" అంది. ఆయన గడ్డం గోక్కుని, పేరు ఎలా రాయాలో కాగితం మీద రాసిమ్మన్నాడు. మూడు రోజుల్లో పంతొమ్మిది గుమ్మాల్లో పంతొమ్మిది సార్లు ఆ మాట చెప్పింది. చివరికొచ్చేసరికి చలికి మొద్దుబారిన వేలిని ఎంత నొక్కినా తెలియనట్టు, ఆ మాట ఆమెకు తగలడం మానేసింది.

ఎన్నిక జరిగిన మర్నాడు పొద్దున్నే జోలీన్ వచ్చింది. బూట్లు విప్పకుండానే వంటింటి దాకా వచ్చేసింది.

"గెలిచానమ్మా. నాకు రెండు వందల ఆరు. నాన్నకి నూట తొంభై రెండు."

"స్కూలు?"

"ఉంటుంది. నేనున్నన్నాళ్ళూ ఉంటుంది." ఆమె కుర్చీలో కూలబడింది. "నువ్వు లేకపోతే అయ్యేది కాదు. అయినా చూడు, ఇంత చెప్పినా నూట తొంభై రెండు మంది. ఎవరమ్మా వీళ్ళంతా?"

వెర్నా గుడ్డతో బల్ల తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తోంది.

"అందులో ఒకటి నాదే."

జోలీన్ తలెత్తి చూసింది.

"రాద్దామనే వెళ్ళానే. పెన్ను గీత మీదే పెట్టాను. పైన ఆయన పేరు కనిపించింది. ఆ పేరు పక్కన గడి నింపడం ఇదే ఆఖరుసారి కదా అనిపించింది. అంతే, చెయ్యి అటే పోయింది. ఊరందరికీ వద్దని చెప్పొచ్చి నేనే వేశాను. కన్నకూతురికి వెయ్యలేదు. తిట్టవే నన్ను."

జోలీన్ తిట్టలేదు. బల్ల మీద చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటూ మెల్లగా అంది.

"ఇంకొకటి నాది."

"ఏంటీ?"

"నేనూ ఆయనకే వేశానమ్మా."

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు జోలీన్‌కి నవ్వొచ్చింది, ఆపుకోబోయింది గానీ ఆగలేదు.

"పిచ్చిదానా, ఓడిపోయి ఉంటే?"

"ఓడితే మాత్రం ఏంటి? నాన్న చేతిలోనేగా."

గుడ్డ వెర్నా చేతిలోంచి జారిపోయింది. కూతురు లేచి పట్టుకునేలోపే ఆమె కుర్చీ వీపు మీదకి వంగిపోయి, గొంతెత్తి, పక్కింటికి వినిపించేలా ఏడ్చింది. జోలీన్ ఆపమనలేదు. ఆ రోజు పనికి రానని డాక్టరుకి ఫోన్ చేసి, తల్లి పక్కనే కూర్చుంది.