నల్లమ్మ తాకట్టు

"బండి ఈడ పెట్టి పోన్నా."

"ఎందుకు?"

"ఎందుకేంది? మా బండెక్కి నువ్వు అట్నుంచి అటే వేలూరు పోతే, నిన్ను యాడ ఎతకాల మేము?"

మునికృష్ణకు ఒళ్ళు మండింది. తిరుపతి నుంచి చిత్తూరు దాకా వానలో నానుతూ వచ్చాడు. పూతలపట్టు దాటాక బండి మొరాయిస్తే రొప్పుతూ తోసుకొచ్చాడు. ఇంత కష్టపడి వస్తే, ముక్కు మీద గ్రీజు మరకతో ఒక పిల్ల షెడ్డు వాకిట్లో అడ్డంగా నిలబడి తనను దొంగను చేస్తోంది!

"నన్ను సూస్తే దొంగ మాదిరి ఉండానా?"

"దొంగలు దొంగల మాదిరి యాడుంటారన్నా? పోయిన ఆషాడంలో ఒకాయన సిలుకు చొక్కా ఏసుకోని వచ్చినాడు. ట్రయలని మా బండెక్కినాడు. ఇప్పటికీ ట్రయల్లోనే ఉండాడు."

లోపల వేరుశనక్కాయలు వొలుస్తున్న ముసలమ్మ కిసుక్కున నవ్వింది. ఆమె కుప్పమ్మవ్వ. షెడ్డు ఆమె కొడుకు ఏకాంబరం మేస్త్రిది. గ్రీజు ముక్కు పిల్ల ఆయన కూతురు అలివేలు. నాయనకు అన్నం క్యారియరు తెచ్చే పని మీద మొదలై, తల్లి పోయాక స్పానర్లు అందించే పనిలోకి దిగి, ఇప్పుడు ఆ షెడ్డుకు సగం మేస్త్రీ అయి కూర్చుంది. పంతొమ్మిదేళ్ళది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. మద్రాసులో మిలిటరీ వాళ్ళు తమకు అక్కర్లేని మోటారు సైకిళ్ళు వేలం వేస్తుంటే, ఏకాంబరం కొన్నింటిని లారీలో వేసుకొచ్చి బాగుచేసి అమ్ముతున్నాడు. సిలుకు చొక్కా దొంగతనం తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టాడు. మా బండి ట్రయలుకు తీసుకుపోవాలంటే నీ బండి తాకట్టు పెట్టి పోవాలి. నువ్వు జమీందారువైనా సరే!

మునికృష్ణ జమీందారు కాదు. టూరింగ్ టాకీసులకు ఫిలిం పెట్టెలు చేరవేస్తాడు. ఒక ఊళ్ళో ఆట ముగిసిన బొమ్మను ఇంకో ఊళ్ళో డేరాకు అందించాలి. పెట్టె ఆలస్యమైతే జనం బెంచీలు విరుస్తారు. ఈ మధ్య దారిలో బండి ఆగడం, డేరాలో బెంచీలు విరగడం మామూలైపోయాయి. "బండన్నా మార్చు, లేకుంటే నేను మనిషినన్నా మారుస్తా" అని ఓనరు తేల్చేశాడు.

ఆ బండి పేరు నల్లమ్మ. పాకాల రైల్వేలో పనిచేసి సీమకు వెళ్ళిపోయిన ఒక దొర దగ్గర మునికృష్ణ మేనమామ కొన్నది. గేరు చేత్తో వెయ్యాలి, కిక్కు దేవుడి మీద భారం వేసి కొట్టాలి. అయినా మేనమామ గుర్తుగా మిగిలింది అదొక్కటే. కొత్త బండి కొనాలనే ఆలోచన వచ్చినప్పుడల్లా దాని ట్యాంకు మీద చెయ్యేసి నిమిరేవాడు.

"జాగర్త. దాని మీద చెయ్యెయ్యద్దు" అన్నాడు గట్టిగా.

"ఏస్తే చెయ్యి నల్లబడతాదిలేన్నా" అంది అలివేలు.

ఆకుపచ్చ మిలిటరీ బండెక్కి పూతలపట్టు దాకా పోయి వచ్చాడు. గేరు కాలి దగ్గర ఉంటే, అలవాటు చొప్పున చెయ్యి ట్యాంకు పక్కన తడుముతూనే ఉంది. తిరిగొచ్చి, ఆలోచించి చెబుతానని నల్లమ్మను కిక్కు కొట్టాడు. ఒక్క తన్నుకే లేచింది! అతను బిత్తరపోయాడు.

"మా నల్లమ్మకి మీ బండ్లను సూసి రోషమొచ్చినట్టుండాది" అన్నాడు.

"ఆ... బండ్లకి రోషం, మనుషులకి చొరవ ఉండాల" అంటూ అలివేలు చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ వేళ్ళ మసి చూస్తే అతనికి సంగతి అప్పుడే తెలిసేది. కానీ వేళ్ళ దాకా ఎక్కడ చూశాడు, కళ్ళ దగ్గరే ఆగిపోయాడు.

మళ్ళీ వారం వచ్చాడు. "సైడుకారు బండి సూస్తావా?" అని అడిగింది అలివేలు. అతను సరేనని బండెక్కాడు. ఊరు దాటి మామిడి తోటలు వచ్చాక ఉన్నట్టుండి తట్టింది. 'సూస్తావా' అంది. 'అన్నా' అనలేదు! ఆ సంతోషంలో ఎదురొస్తున్న వడ్ల బండిని చూసుకోలేదు. సైడుకారు రోడ్డు దిగి వేరుశనగ చేలో ఆగింది. వడ్ల బండాయన తిట్టిన తిట్లు అతనికి మంగళవాద్యాల్లా వినిపించాయి.

అంతే, ఇక చిత్తూరికి పెట్టె ఉన్నా లేకపోయినా షెడ్డుకు రావడం మొదలైంది. వచ్చిన ప్రతిసారీ ఒక బండి ఎక్కడం, ఒక వంక పెట్టడం.

"సీటు ఎత్తుగా ఉండాది మేస్త్రీ."

"దించుతాలేప్పా."

"బ్రేకు గట్టిగా పడతా ఉండాది మేస్త్రీ."

"పట్టకుంటే తప్పు గానీ, పట్టినా తప్పేనా?" అని ఏకాంబరం నోరు తెరిచేవాడు. పెట్రోలు కూపన్ల కాలం. ట్రయలు పోయిన ప్రతిసారీ ఆయన గుండె కరిగి ట్యాంకులో పడేది.

అటు నల్లమ్మ మాత్రం తాకట్టు నుంచి విడిపించిన ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కుతోంది. క్లచ్చు మెత్తబడింది. గొలుసు చప్పుడు మానింది. ఎన్నాళ్ళుగానో మూగనోము పట్టిన హారను ఒకరోజు పలికింది. డేరాలో బెంచీలు విరగడం ఆగిపోయింది. మునికృష్ణ నిజంగానే నల్లమ్మకు రోషమొచ్చిందని నమ్మాడు. ప్రేమలో పడ్డవాడు ఏదైనా నమ్ముతాడు.

ఒక్క ఇసకరంగు బండి దగ్గర మాత్రం అతని నోట వంక రాలేదు. ఎడారి యుద్ధానికని చేసిన బండి అది. పూతలపట్టు మిట్ట మీద చెయ్యి తిప్పితే చాలు, పెట్టె బరువు వెనక ఉన్నట్టే లేదు. నల్లమ్మ ప్రతి గుంటా చెప్పి మరీ దాటుతుంది, ఇది దాటిన సంగతే చెప్పదు. దాన్ని ఆపి, చింతచెట్టు కింద నిలబడి అతను నిజాయితీగానే ఆలోచించాడు. కొంటే పనికి తిరుగుండదు. కానీ కొన్నాక చిత్తూరు షెడ్డులో ఇంకేం పని? ఆ ప్రశ్నకు జవాబు దొరక్క గడ్డం గోక్కున్నాడు.

"ఇది మటుకు ఎవురికీ ఇయ్యద్దు మేస్త్రీ. నేనే తీసుకుంటా" అని చెప్పి వెళ్ళిపోయాడు. అన్నవాడు ఎప్పుడో చెప్పలేదు.

ఆ మాటను ఏకాంబరం పట్టుకున్నాడు. పలమనేరు నుంచి ఒక కలప కంట్రాక్టరు వచ్చి, ఇసకరంగు బండి ఇప్పుడే కావాలని కూర్చుంటే, "మాటిచ్చేసినాను సామీ" అని చేతులు జోడించాడు. కంట్రాక్టరు చిరాకుపడి నేరుగా వేలూరుకే పోయి ఇంకో బండి కొనుక్కున్నాడు.

అది జరిగిన మర్నాడే మన హీరో ఊడిపడ్డాడు. ఇసకరంగు బండెక్కి మళ్ళీ ఒక చుట్టు తిరిగొచ్చి, నల్లమ్మను కిక్కు కొట్టి, అది గుర్రంలా సకిలించేసరికి మైమరిచి అన్నాడు.

"ఏమన్నా అను మేస్త్రీ, మా నల్లమ్మే మేలుగా ఉండాది."

ఏకాంబరం చేతిలోని స్పానరు నేలకేసి కొట్టాడు.

"ఒరే, నీ నోటి మాట నమ్మి వచ్చిన బేరం ఎల్లగొట్టినాను గదరా! నిజం సెప్పు. వేలూరు షెడ్డోళ్ళు పంపినారా నిన్ను, నా యాపారం చెరపమని?"

"అయ్యో, అట్లాంటిదేం లేదు మేస్త్రీ!"

"మరి బండి కొనేదానికే వస్తా ఉండావా?"

మునికృష్ణ చూపు అలివేలు మీదికి పోయి, గాభరాగా వెనక్కి వచ్చింది. "అవు" అన్నాడు నీళ్ళు నములుతూ.

"అయితే కాణిపాకం పద. తలమునిగి, తడిబట్టల్తో సామి ముందర సెప్పు, బండి కోసమే వచ్చినాను, వేరే ఎత్తు లేదని. సెప్పితే ఆ బండి నీకే. సెప్పలేకపోతివా, ఈ గడప మళ్ళా తొక్కద్దు."

మునికృష్ణ మొహం పాలిపోయింది. ఆ జిల్లాలో కోర్టులో అబద్ధం చెప్పినవాళ్ళు ఉన్నారు గానీ, కాణిపాకం వినాయకుడి ముందు చెప్పినవాడు లేడు. అలివేలు వైపు చూశాడు. ఆ పిల్ల ఎందుకో అతనికంటే ఎక్కువ పాలిపోయి ఉంది.

"నేనూ వస్తా" అంటూ సైడుకారులో ఎక్కి కూర్చుంది కుప్పమ్మవ్వ. "సామిని సూసి శానా దినాలాయ."

సైడుకారు బండి మీద ఏకాంబరం, వెనక అలివేలు. నల్లమ్మ మీద మునికృష్ణ. సగం దారిలో వాన మొదలైంది. పెద్ద వానేం కాదు, పూలు చల్లినట్టు తుంపర. వేరే రోజైతే మునికృష్ణ ఆ వానను వంద రకాలుగా మెచ్చుకునేవాడు. ఇవాళ అతనికి కనిపిస్తున్నది ముందు బండి మీద తడుస్తున్న ఒక జడ మాత్రమే. ఇంకో గంటకు అది కూడా కనిపించదేమోనని నల్లమ్మను ఇంకొంచెం దగ్గరికి నడిపాడు.

ఒకచోట సైడుకారు బండి టపటపమని ఆగిపోయింది. ఏకాంబరం ప్లగ్గు తీసి తుడిచి, పెట్టి, కిక్కు కొట్టేసరికి చెమట్లు పట్టాయి. పక్కన ఆగిన నల్లమ్మ ఒక్క తన్నుకే లేచింది.

"ఈ పాతబండి ఇట్ల ఎట్ల లేస్తా ఉండాది?" అన్నాడు ఏకాంబరం అనుమానంగా. అలివేలు ఆకాశం వైపు చూసింది.

గుడి పక్కన పారే బాహుదా నది నీళ్ళు చల్లగా ఉన్నాయి. మునికృష్ణ మునిగి లేచి, పంచె నుంచి నీళ్ళు కారుతుండగా గర్భగుడి ముందుకొచ్చి నిలబడ్డాడు. పూజారి హారతి పళ్ళెం పట్టుకుని, "చెప్పు నాయనా" అన్నాడు.

"సామీ... నేను బండి కొనేదానికే..."

మాట అక్కడ ఆగింది. మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది. అబద్ధం చెబితే దేవుడు ఊరుకోడు, నిజం చెబితే ఏకాంబరం ఊరుకోడు. ఇద్దరిలో దేవుడికే ఎక్కువ భయపడ్డాడు.

"మొదట వచ్చినప్పుడు బండి కోసమే వచ్చినాను సామీ. ఆ తర్వాత అలివేలు కోసం వచ్చినాను. ఇసకరంగు బండి మా నల్లమ్మ కంటే నూరు రెట్లు మేలు. దానికి వంక లేదు. కొంటే మళ్ళా వచ్చేదానికి సాకుండదని కొనలేదు. ఇదే నిజం."

ఏకాంబరం కళ్ళెర్రజేసి ముందుకు అడుగేశాడు. అప్పుడే వెనక తడి పాదాల చప్పుడైంది. అలివేలు తలమునిగి, తడిచీరతో గబగబా వచ్చి మునికృష్ణ పక్కన నిలబడింది.

"నేనూ సెప్పాల సామీ."

"నువ్వెందుకే!" అన్నాడు ఏకాంబరం.

"వేలూరోళ్ళు కాదు నాయనా నీ బేరం చెరిపింది. నేనే. తాకట్టు పెట్టి పోయిన ప్రతిసారీ ఆ బండి బాగుచేసింది నేనే. ప్లగ్గు, క్లచ్చు, హారను... అంతా."

"మన షెడ్డు సామాన్లతోనా?"

"మన సామాన్లతోనే. మొదట జాలికి చేసినాను. వానలో బండి తోసుకోని వచ్చినాడు గదా అని." ఆమె కళ్ళ మీది నీళ్ళు తుడుచుకుంది. "తర్వాత జాలికి కాదు. ఆ బండి చెడితే ఈయన మన బండి కొంటాడు. కొంటే ఇంక రాడు గదా నాయనా."

మునికృష్ణ నోరు తెరుచుకుని ఆమె వేళ్ళ వైపు చూశాడు. అన్ని రోజుల తర్వాత, మొదటిసారి. గోళ్ళ సందుల్లో మసి, నదిలో మునిగినా పోలేదు.

"మరి నల్లమ్మకి రోషం..." అన్నాడు వెర్రిగా.

"రోషం లేదు, నీ మొగం లేదు" అంది ఏడుస్తూనే నవ్వుతూ.

ఏకాంబరం గుడి మెట్టు మీద కూలబడ్డాడు. "వాడు నా పెట్రోలు కాల్చె. ఇది నా సామాన్లు కాల్చె. ఇద్దురూ కలిసి నన్ను నిలువునా ముంచినారు గదమ్మా!"

కుప్పమ్మవ్వ మాత్రం తీరిగ్గా మునికృష్ణ దగ్గరికొచ్చి, తడి తల మీద చెయ్యి వేసింది.

"ఎవురి బిడ్డవబ్బా నువ్వు? ఏ ఊరు?"

"ఉండేది తిరుపతి అవ్వా. మా నాయనోళ్ళది నగరి. మగ్గాలోళ్ళం. మా నాయన్ని కన్న జేజినాయన పేరు వరదయ్య."

"జరీ వరదయ్యనా? ఒరే ఏకాంబరా, నగరిలో ఉన్నప్పుడు మన పక్క మగ్గమే గదరా! మీ నాయనా వాళ్ళ జేజినాయనా బావా బావా అని పిల్చుకునేటోళ్ళు. పిల్లోడు వరసైనోడే." అవ్వ కొడుకు వైపు తిరిగింది. "సామి ముందర అబద్ధమాడనోడు నీ బిడ్డకి మాత్రం ఆడతాడా? లెయ్."

ఏకాంబరం లేవలేదు. కూతురి మొహం చూశాడు. వాళ్ళమ్మ పోయిన తర్వాత ఆ పిల్ల తన కోసమని ఏదీ అడిగింది లేదు. ఇప్పుడూ అడగలేదు, దేవుడికి చెప్పుకుందంతే. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుని, ఆ తడంతా వానదన్నట్టు మొహం కూడా తుడుచుకున్నాడు.

"సరే. అయితే నా పద్ధతి నాది" అన్నాడు లేస్తూ. "మా బండి తీసుకపోవాలంటే నీ బండి పెట్టి పోవాల. మా బిడ్డనే తీసుకపోతానంటే ఊరకనే నమ్ముతానా? ముహూర్తం దాకా నీ నల్లమ్మ నా షెడ్డులో ఉంటాది. ఇసకరంగు బండెక్కి పో, నీ పెద్దోళ్ళని పిల్చుకోని రా."

మునికృష్ణ గుడి వాకిట్లో నిలబెట్టిన నల్లమ్మ వైపు చూశాడు. మేనమామ చెయ్యి ఆనిన హ్యాండిలు వానలో మెరుస్తోంది. ఒక్క క్షణం ఊగిసలాడాడు. ఆ క్షణం అలివేలు కంట పడనే పడింది.

"ఇష్టం లేకుంటే వద్దులే" అంది మూతి ముడిచి.

"అది కాదబ్బా! మీ షెడ్డుకి బేరాలు వస్తా ఉంటాయి గదా. ఎవురైనా దాన్ని సూసి మనసుపడి, కొంటామని కూర్చుంటే?"

అలివేలు కొంగు పిండుకుంటూ దగ్గరికొచ్చింది. నాయనకు వినబడకుండా గొంతు తగ్గించింది.

"ఎవురొచ్చి తన్నినా అది లెయ్యదు. ప్లగ్గు పీకి నా కొంగున కట్టుకుంటా. నువ్వు వచ్చినాకనే ఇప్పుతా."